ఏపీ గవర్నమెంట్ క్లాసుకి వేసవిలో ఎలా ప్రిపేర్ అవ్వాలి?

"మా అబ్బాయి ఆగస్టులో ఏపీ గవర్నమెంట్ మొదలుపెడుతున్నాడు. జూన్, జూలై ఖాళీ. ఏ పుస్తకం కొనాలి, ఎక్కడ కోచింగ్‌లో వేయాలి?" అని ఒకరు అడిగారు. ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్: అమెరికా హైస్కూళ్ళలో చదివే కాలేజీ స్థాయి కోర్సు. ఈ క్లాసు అమెరికా ప్రభుత్వం ఎలా నడుస్తుందన్న దాని మీద. నా సమాధానం: కోచింగ్ వద్దు. పుస్తకం కూడా ఇప్పుడే వద్దు. ముందు మీ ఊరి సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి ఒక్కసారి తీసుకెళ్ళండి. పంపడం కాదు, మీరూ వెళ్ళి పక్కన కూర్చోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మూడేళ్ళ క్రితం మా అమ్మాయి విషయంలో నేను చేసింది దీనికి పూర్తిగా ఉల్టా. మే నెలాఖరుకే ఇటుక లాంటి ప్రెప్ పుస్తకం కొని చేతిలో పెట్టాను. రోజుకి ఇరవై పేజీలు అని లెక్కగట్టి ఫ్రిజ్ మీద టైమ్‌టేబుల్ అంటించాను. పది రోజుల్లో ఫెడరలిజం (కేంద్రం, రాష్ట్రాలు అధికారాలు పంచుకోవడం) నిర్వచనం గడగడా అప్పజెప్పేసింది. ఆ వేసవి మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. "మీ ఊళ్ళో రోడ్డు ఎవరు వేస్తారే? బడి ఎవరు నడుపుతారు?" అని అడిగితే పిల్ల దగ్గర జవాబు లేదు. నిజానికి నా దగ్గరా లేదు. టెక్సస్‌లో స్కూలు డిస్ట్రిక్ట్ సిటీ కింద ఉండదని, స్కూల్ బోర్డుకి వేరే ఎన్నిక, వేరే పన్ను ఉంటాయని అప్పటిదాకా నేను పట్టించుకోలేదు. ఇంటి పన్ను బిల్లులో ఆ రెండూ వేర్వేరు వరుసల్లో ఉంటాయి. ఏటా కడుతున్నా ఏనాడూ చదవలేదు.

మాది డాలస్ పక్కనుండే ఊరు. ఆ జూన్‌లోనే మా లైబ్రరీని ఆదివారాలు మూసేసే ఆలోచన ఉందని తెలిసింది. మా అమ్మాయి చదువంతా అక్కడే, స్నేహితులతో కలిసి ఆదివారం మధ్యాహ్నాలు. "అడిగితే పోలా" అంది మా అమ్మ. సరే, మంగళవారం సాయంత్రం ముగ్గురం వెళ్ళాం. ఏసీ చలికి అమ్మ శాలువా కప్పుకుని, "ఇది మన గ్రామసభ లాంటిదేనా?" అని చెవిలో అడిగింది. మాట్లాడాలనుకునేవాళ్ళు ముందుగా ఒక కార్డు నింపి ఇవ్వాలి. మనిషికి మూడు నిమిషాలు. మైకు దగ్గర చిన్న లైటు ఉంటుంది: పచ్చ, పసుపు, ఎరుపు. మా అమ్మాయి నాలుగు మడతలు పెట్టిన కాగితం విప్పి చదివింది. చేయి వణుకుతుంటే కాగితం చప్పుడు మైకులో వినిపించింది. పసుపు లైటు వెలిగేసరికి కాగితం పక్కన పెట్టేసి, తను ఏ బల్ల దగ్గర కూర్చుంటుందో, ఆదివారం అక్కడికి ఎవరెవరు వస్తారో మామూలుగా చెప్పింది. అదే బాగా చెప్పింది.

మేయర్ "థాంక్యూ" అన్నారు. అంతే. కౌన్సిల్‌లోని ఏడుగురిలో ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. కారెక్కగానే పిల్ల ఏడుపు. "వినలేదమ్మా, అసలు పట్టించుకోలేదు" అని. నాకూ కోపం వచ్చింది.

ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా వెతికింది. టెక్సస్‌లో ఓపెన్ మీటింగ్స్ చట్టం ఉంది, 1967 నాటిది. ఎజెండాలో ముందుగా ప్రకటించని విషయాన్ని ఎవరైనా లేవనెత్తితే కౌన్సిల్ సభ్యులు దాని మీద చర్చ పెట్టకూడదు. ఉన్న సమాచారం చెప్పవచ్చు, ఉన్న విధానం ఏమిటో చెప్పవచ్చు, లేదా తర్వాతి ఎజెండాలో పెడదామని ప్రతిపాదించవచ్చు. జనానికి తెలియకుండా అప్పటికప్పుడు ఏదీ తేల్చేయకూడదని ఆ నియమం. అంటే తనకి కోపం తెప్పించిన మౌనం, తన లాంటి వాళ్ళ కోసమే పెట్టిన కట్టుబాటు. ఆ రాత్రి పదకొండింటికి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఫెడరలిస్ట్ 51లో మాడిసన్ చెప్పింది ఇదే" అంది. (ఫెడరలిస్ట్ అంటే అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అప్పట్లో రాసిన వ్యాసాలు, వాటి రచయితల్లో మాడిసన్ ఒకడు.) ప్రభుత్వం ముందు జనాన్ని అదుపు చేయగలగాలి, ఆ తర్వాత తనని తాను అదుపు చేసుకోవాలి అని. అంతకు ముందు వారం అదే వాక్యానికి హైలైటర్ పూసి పేజీ తిప్పేసిన పిల్ల.

అందుకే అంటున్నాను, వేసవిలో చదవాల్సింది ప్రెప్ పుస్తకం కాదు, అసలు కాగితాలు. ఈ కోర్సుకి తప్పనిసరి మూల పత్రాలు తొమ్మిదే: స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగానికి ముందున్న ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్, రాజ్యాంగం, ఫెడరలిస్ట్ 10, 51, 70, 78, ఆ రాజ్యాంగాన్ని వ్యతిరేకిస్తూ బ్రూటస్ అనే మారుపేరుతో రాసిన బ్రూటస్ 1, మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖ. రాజ్యాంగం తప్ప మిగతావన్నీ ఒక్క కూర్చోవడంలో అయిపోయేవే. వారానికి ఒకటి చాలు. చదివాక ఇంట్లో ఎవరికో తెలుగులో చెప్పమనండి. మా అమ్మాయి అమ్మమ్మకి చెప్పేది. ఇంగ్లిష్‌లో అయితే పెద్ద పెద్ద మాటల చాటున దాక్కోవచ్చు, తెలుగులో కుదరదు. బ్రూటస్ వాదన విని, "దేశం మరీ పెద్దదైతే ఏలేవాడికి మన ముఖం తెలియదంటాడు, అంతేగా" అంది మా అమ్మ. అంతే మరి.

మన ఇళ్ళలో పిల్లలకి ఇంకో చిక్కుంది. మన మనసుల్లో ఉన్నది ఇండియా పద్ధతి. అక్కడ మంత్రి కావాలంటే సభలో సభ్యుడై ఉండాలి, కాకపోతే ఆరు నెలల్లో అవ్వాలి. ఇక్కడ కాంగ్రెస్ (మన పార్లమెంటు లాంటిది) సభ్యుడు కేబినెట్‌లోకి వెళ్ళాలంటే సీటు వదులుకోవాల్సిందే. అక్కడ గవర్నర్‌ని ఢిల్లీ నియమిస్తుంది, ఇక్కడ జనం ఎన్నుకుంటారు. ఈ తేడాలు భోజనాల దగ్గర మాట్లాడితే సెపరేషన్ ఆఫ్ పవర్స్ (అధికారాల విభజన) సగం అక్కడే వచ్చేస్తుంది. కానీ మనం ఏం చేస్తాం? రాత్రి తొమ్మిదికి యూట్యూబ్‌లో అక్కడి డిబేట్లు పెట్టుకుని, అక్కడ ఎవరు ఎవరిని తిట్టారో చర్చిస్తాం. ఉంటున్న ఊరి కౌన్సిల్ సభ్యుడి పేరు అడిగితే తెలియదు. "మాకు ఓటు లేదు కదా, గ్రీన్‌కార్డే రాలేదు" అంటారు చాలామంది. ఓటు లేకపోయినా పన్ను ఉంది, ఆ మూడు నిమిషాలూ ఉన్నాయి. మా అమ్మాయి మాట్లాడినప్పుడు దానికీ ఓటు లేదు, పదహారేళ్ళు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఏపీ కోర్సుల లెక్క వేలంపాటలో పాట పాడినట్టు ఉంటుంది. మా వాడికి పది, మా అమ్మాయికి పన్నెండు. జీపీఏ (మార్కుల సగటు) పెరుగుతుందని ఈ కోర్సు తీసుకోవడం, మే పరీక్ష అయ్యాక మర్చిపోవడం. రేపు ఓటు వేయాల్సిన పిల్లలు. నాకు చాలా దిగులుగా ఉంటుంది.

సరే, సుప్రీంకోర్టు కేసుల సంగతి. తప్పనిసరి కేసులు 14. పేరు, సంవత్సరం బట్టీ పడితే ఉపయోగం లేదు. పరీక్షలో తెలియని కేసు ఒకటిచ్చి తెలిసిన కేసుతో పోల్చమంటారు. కాబట్టి ప్రతి కేసులో మనిషి ఎవరు, ఏం జరిగింది, కోర్టు ఎందుకలా అంది, ఈ మూడూ కథలా చెప్పగలగాలి. టింకర్ కేసులో 13 ఏళ్ళ పిల్ల వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ నల్ల పట్టీ కట్టుకుని బడికెళ్ళింది. గిడియన్ తనకి లాయర్‌ని ఇవ్వలేదని జైల్లోంచి పెన్సిల్‌తో అర్జీ రాశాడు. లోపెజ్ కేసు మన టెక్సస్‌దే, శాన్ ఆంటోనియోలో బడికి తుపాకీ తెచ్చిన కుర్రాడిది. ఇలా చెప్తే మా అమ్మకి కూడా గుర్తున్నాయి.

పరీక్ష మోడల్ ప్రశ్నలు జనవరి తర్వాత చూసుకోవచ్చు. 80 నిమిషాల్లో 55 ప్రశ్నలు, 100 నిమిషాల్లో నాలుగు రాత జవాబులు, అదంతా ప్రాక్టీసుతో వస్తుంది. ఒక్క జాగ్రత్త: టెక్సస్‌లో చాలా స్కూళ్ళలో గవర్నమెంట్ ఒక సెమిస్టరే, రెండోది ఎకనామిక్స్. మీవాడికి ఇది ఆగస్టు సెమిస్టర్‌లో పడితే మే దాకా నోట్సు పారేయనివ్వకండి. మా అమ్మాయికి అలాగే పడింది, పరీక్షలో ఐదుకి 4 వచ్చింది. 5 రాలేదని తనకి కొంచెం వెలితి, నాకు లేదు.

సెప్టెంబర్‌లో బడ్జెట్ ఓటింగ్‌కి మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. ఈసారి లైబ్రరీ ఎజెండాలో ఉంది కాబట్టి అరగంట సేపు మాట్లాడారు. జూన్‌లో మాట పెగలని కౌన్సిల్ సభ్యురాలు ఒకావిడ, "ఆదివారం ఆ బల్ల దగ్గర కూర్చునే పిల్లలు" అంది. మా అమ్మాయి నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలు తెరిచి ఉంచడానికి ఐదు ఓట్లు, వద్దని రెండు.