ట్రైకోకార్డులు కట్టబోయే అల్లుడికి

అల్లుడా,

సాగర్ ఎడమ కాలువ కింద ఈసారి వరికి ట్రైకోకార్డులు కడతానని నువ్వు ఫోన్ల చెప్పినప్పుడు శానా సంతోషమైంది. ఒక్కటి మాత్రం మనసుల పెట్టుకో. ట్రైకోకార్డంటే ట్రైకోగ్రామా అనే సన్నటి కందిరీగ లోపల పెరుగుతున్న గుడ్లు అంటించిన అట్టముక్క. దాంట్లోంచి వచ్చే ట్రైకోగ్రామా, పిలకను తొలిచే మొగిపురుగు గుడ్డునే చంపుతది. గుడ్డు పగిలి పిల్లపురుగు పిలకలోకి దూరిందంటే అదేం చేయలేదు. మొగి తొలిచి గింజ పట్టని తెల్లకంకులు కనబడ్డంక కార్డుల కోసం ఉరికేటోళ్లను మనూళ్ల ఎంతోమందిని చూసిన. పైసలు దండగ.

అందుకే నాటిన 15 రోజుల నుంచే పొద్దుగాల మడి చుట్టూ తిరుగు. పసుపు రంగు ముందు రెక్కల మీద చెరొక నల్లచుక్క ఉంటే అది మొగిపురుగు తాలూకు ఆడ రెక్కలపురుగు. ఎకరాకు 3 లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనున్న ఉచ్చులు) పెడితే మగవి పడతయి. పడ్డయంటే కార్డులు తెప్పించు. మొగిపురుగుకు జపోనికం రకం అడుగు, కిలోనిస్ ఆకుముడతకు. కార్డు మీద గుడ్లు నల్లగా ఉన్నయో లేదో చూసి కొను, నల్లగుంటేనే లోపల ట్రైకోగ్రామా ఉన్నట్టు.

ఎకరాకు సుమారు 40,000 గుడ్లు, అంటే ఒక సీసీ (గుడ్ల కొలత) కార్డులు రెండు, వారానికోసారి నాలుగైదు సార్లు. ముక్కలు కత్తిరించి మడంతా సర్ది, సాయంత్రం పూట ఆకు అడుగున పిన్ను కొట్టు. మిల్లీమీటరు కూడా లేని ప్రాణం, దూరం ఎగరలేదు. గట్టు మీదే కడితే నడుమ పైరుకు దిక్కుండదు.

కార్డు కట్టే ముందు వారం, కట్టినంక వారం పురుగుమందు ముట్టొద్దు. పక్క మడోళ్లతో కూడా మాట్లాడు. గాలికి వాళ్ల మందు నీ మడి మీద పడినా కట్టింది వృథానే.

ఇంకో సంగతి. మొగిపురుగు గుడ్ల కుప్ప మీద గోధుమ రంగు నూగు కప్పి, కింద పొరలుగా గుడ్లుంటయి. కార్డు పురుగుకు పైవి దొరికినంత సులువుగా లోపలివి దొరకవు. అక్కడ పనికొచ్చేది టెట్రాస్టైకస్, మన మళ్లలో తనంతట తానుండి ఈ గుడ్ల కుప్పలోనే పెరిగి గుడ్లను తినే చిన్న కందిరీగ. మందు కొడితే ముందు పోయేది అదే. కాబట్టి ఆకు కొనల మీది గుడ్ల కుప్పలను తుంచి కాల్చెయ్యకు. సీసాలో వేసి, మూతికి పల్చటి బట్ట కట్టి, నీడన పెట్టి పది పన్నెండు రోజులు చూడు. పిల్లపురుగులొస్తే చంపు. దుమ్ము లెక్క సన్నటి రెక్కల ప్రాణులొస్తే మడిలో వదులు. గుడ్డు నల్లబడ్డదని మాత్రం మురవకు, పిల్లపురుగు బయటికొచ్చే ముందు కూడా నల్లబడుతది.

సీసాలో ఏమొచ్చిందో తేలకపోతే కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకపోయి చూపించు. నాకూ ఫోటో పంపు.

నీ మామ