పాత అల్టెగ్రానా, కొత్త 105నా?

తమ్ముడూ, నువ్వు రాసిన సైకిలు వివరాలన్నీ చదివాను. అల్యూమినియం ఫ్రేము, రిమ్ బ్రేకులు (చక్రం అంచుని పట్టేవి), వెనక పది గేర్ల పాత టియాగ్రా సెట్టు. టియాగ్రా, 105, అల్టెగ్రా మూడూ షిమానో కంపెనీ గేరు సెట్ల పేర్లే, ఒకదానికన్నా ఒకటి పై రకం. లీవర్లు (హ్యాండిల్ మీద బ్రేకు, గేరు నొక్కేవి), డీరైలర్లు (చైనుని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేవి), క్రాంకు (పెడళ్లు తగిలించే చేతులు, ముందు పళ్ల చక్రాలు) అన్నీ ఒకేసారి మార్చేద్దామని నీ ఆలోచన. కొత్త 105 సెట్టుకి పెట్టే డబ్బుతోనే ఎవరో వాడిన అల్టెగ్రా సెట్టు వస్తోంది, ఏది తీసుకోమంటావని అడిగావు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాకి కొత్తగా వచ్చే మనవాళ్లలో సైకిలు మీద ఇష్టం ఉన్నవాళ్లు తరచూ అడిగేదే ఇది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్తాను. సెట్టు మొత్తం ఒకే చోట, ఒకే రకం కొనకు. లీవర్లు కొత్త 105 తీసుకో. డీరైలర్లు, బ్రేకులు వాడిన అల్టెగ్రా అయినా ఫర్వాలేదు. క్రాంకు మాత్రం 105దే పెట్టుకో. చైను, క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట), గేరు వైర్లు, బ్రేకు షూలు మాత్రం కొత్తవే కొను, అమ్మేవాడు ఉచితంగా ఇస్తానన్నా పాతవి వద్దు.

ఇలా కలపడం ఎలా కుదురుతుందంటే, 2017లో వచ్చిన అల్టెగ్రా ఆర్8000, 2018లో వచ్చిన 105 ఆర్7000 రెండూ పదకొండు గేర్లవే. లీవరు ఒక్కసారి నొక్కితే వైరు ఎంత జరగాలన్న లెక్క రెండింటికీ ఒకటే. ఒకదాని లీవరుతో ఇంకోదాని డీరైలరు చక్కగా నడుస్తుంది. పనితీరులో తేడా చాలా తక్కువ, బరువులో తేడా సెట్టు మొత్తం మీద రెండు వందల గ్రాముల అటూ ఇటూ. ఇప్పుడు నడుస్తున్న పన్నెండు గేర్ల 105 నీకు పనికిరాదు, అది డిస్క్ బ్రేకులకే వస్తుంది. పన్నెండు గేర్ల అల్టెగ్రాలో వైరుతో నడిచేది అసలు లేదు, అంతా ఎలక్ట్రానిక్. కాబట్టి నీ ఫ్రేముకి సరిపోయేవి ఆ పదకొండు గేర్ల సెట్లే. అందరూ డిస్క్‌కి మారిపోవడం వల్ల ఈ రిమ్ బ్రేకు సామాను వాడినది చవకగా దొరుకుతోంది. నీకు కలిసొచ్చేది అదే.

క్రాంకు గురించి గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అల్టెగ్రా, దానికన్నా పై రకమైన డ్యూరా-ఏస్ పదకొండు గేర్ల క్రాంకుల్లో చెయ్యి లోపల బోలుగా ఉంటుంది, రెండు ముక్కల్ని జిగురుతో అతికించి చేస్తారు. ఆ అతుకు ఊడిపోయి తొక్కుతుండగానే విరిగిన కేసులు వచ్చాయి. 2023 సెప్టెంబరులో షిమానో వీటి తనిఖీకి రీకాల్ ప్రకటించింది. ఒక్క అమెరికాలోనే సుమారు 6,80,000 క్రాంకులు, అప్పటికి అందిన ఫిర్యాదులు 4,519. అవన్నీ 2012 జూన్ నుంచి 2019 జూన్ మధ్య తయారైనవి. నీకు అమ్ముతామంటున్న సెట్టు చాలామటుకు ఆ కాలందే అయి ఉంటుంది. 105 క్రాంకు ఆ జాబితాలో లేదు.

అయినా అల్టెగ్రా క్రాంకే కావాలనిపిస్తే, చెయ్యి లోపలి వైపు, అంటే ఫ్రేముకి ఎదురుగా ఉండే వైపు చూడు. మోడల్ నంబరుతో పాటు చిన్నగా రెండు ఇంగ్లిషు అక్షరాలు కొట్టి ఉంటాయి. మొదటిది సంవత్సరం: కె అంటే 2012, ఎల్ అంటే 2013, అలా వరసగా ఆర్ అంటే 2019. రెండోది నెల: ఎ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. ‘పిసి’ అని ఉంటే 2017 మార్చి అన్నమాట. కె-ఎఫ్ నుంచి ఆర్-ఎఫ్ వరకు ఏది కనబడినా అది రీకాల్ పరిధిలోదే. షిమానో డీలరు దగ్గర తనిఖీ చేయించారా అని అడుగు. అతుకు వెంబడి గోరు నెమ్మదిగా జరిపి చూడు, ఎక్కడైనా గోరు తట్టుకుంటే, సందు కనబడితే వదిలెయ్. సైకిలు మీద నిలబడి తొక్కినప్పుడు నీ బరువంతా ఆ ఒక్క ముక్క మీదే ఉంటుంది. నలభై, యాభై డాలర్ల కోసం ఇందులో రిస్కు తీసుకోవద్దని బతిమాలి చెప్తున్నాను.

లీవర్లు కొత్తవి ఎందుకంటే, ఈ పదకొండు గేర్ల లీవర్లలో గేరు వైరు లోపల బాగా వంపు తిరుగుతుంది. వాడగా వాడగా ఒక్కో పోగు తెగుతుంది. గేరు మారడం కాస్త బద్ధకంగా అనిపిస్తుంది, అంతే. ఒకరోజు తెగి ముక్కలు లోపలే ఇరుక్కుంటాయి. వాటిని బయటికి తీయడం దుకాణంలో గంటలు పట్టే పని. పైగా లోపల ఎంత అరిగిందో బయటి నుంచి తెలుసుకునే దారి లేదు. కొత్తదానికి షిమానో వారంటీ ఉంటుంది, అదీ మొదట కొన్నవాళ్లకే. కొత్తవాటిలో కూడా ఏడాదికోసారి వైరు మార్చేయ్.

డీరైలర్లు అలా కాదు, వాటి ఆరోగ్యం కంటికి కనబడుతుంది. బయటి వైపు గీతలు ఎక్కువగా ఉంటే సైకిలు ఆ వైపు పడిందని అర్థం. వెనక డీరైలరు కింద చిన్న చక్రాలుండే పంజరాన్ని వేళ్లతో అటూ ఇటూ కదిలించి చూడు, బాగా వదులుగా ఊగితే వద్దు. ఇంకో విషయం, రేసులు ఆడేవాళ్లు అమ్మేవి ఎక్కువగా పొట్టి పంజరం రకం. మోడల్ నంబరు చివర ఎస్ఎస్ అని ఉంటే వెనక 30 పళ్ల వరకే, జీఎస్ అని ఉంటే 34 పళ్ల దాకా. ఇక్కడి కొండలు ఎక్కాలంటే నీకు జీఎస్ కావాలి. మౌంట్ హామిల్టన్ రోడ్డు లిక్ అబ్జర్వేటరీకి గుర్రపు బండ్ల మీద సామాను చేర్చడానికి 1870లలో వేసినది, అందుకే మరీ నిటారుగా ఉండదు, కానీ ఎంతసేపైనా ఎక్కుతూనే ఉంటావు. శాన్ హోసేలోని సియెరా రోడ్డు అలా కాదు, అది నిజంగానే నిటారు. ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే మోకాళ్లు నిలబడతాయి. ఫ్రీమాంట్ నుంచి అలమేడా క్రీక్ ట్రయిల్ మీద సముద్రం వైపు చదునుగా తొక్కుకునే వాళ్లకి ఇదంతా అక్కర్లేదు.

సెట్టు సైకిలుకే బిగించి ఉంటే చైను కూడా కొలువు. చైను బిగుతుగా లాగి, ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెట్టు. కొత్త చైనుకి సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య భాగం వస్తుంది. అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైను అరిగినట్టు. ఎనిమిదో వంతు దాటితే క్యాసెట్ కూడా పోయినట్టే, ముందు పళ్ల చక్రాలు కూడా అనుమానమే. చైను చూస్తే మిగతా సామాను ఎలా వాడారో ఒక అంచనా వస్తుంది.

మన ఊళ్లో సైకిలు షాపు ముందు కూర్చుంటే కొద్ది డబ్బుతో పని అయిపోతుంది. ఇక్కడ మజూరీ అలా ఉండదు, మామూలు ట్యూనప్‌కే వంద డాలర్లు దాటడం వింతేమీ కాదు, సెట్టు మొత్తం బిగించాలంటే ఇంకా ఎక్కువ. వాడిన సెట్టు ధర చూసేటప్పుడు కొత్త చైను, క్యాసెట్, వైర్లు, ఈ మజూరీ అన్నీ కలిపి చూడు. చాలాసార్లు చవక అనిపించినది అప్పుడు చవక కాదు. నువ్వే బిగించుకోగలిగితే లెక్క మారుతుంది. చిన్న టార్క్ రెంచి (బిగుతు కొలిచే పాన) ఒకటి కొనుక్కో, బోల్టులు చేతి అంచనాతో బిగించకు.

వాడిన కార్బన్ హ్యాండిల్, సీటు పోస్టు ఎవరు ఇచ్చినా వద్దు.

దొంగ సామాను సంగతి కూడా చూసుకోవాలి. ఇక్కడ సైకిళ్ల దొంగతనం చాలా ఎక్కువ. ఫ్రేముకి సీరియల్ నంబరు ఉంటుంది, బైక్ ఇండెక్స్ అనే ఆన్‌లైన్ సైకిళ్ల జాబితాలో వెతకొచ్చు. విడిభాగాలకి ఆ సౌకర్యం లేదు. అందుకే ఈ భాగాలు ఏ సైకిలు నుంచి తీశారో, ఆ సైకిలు ఫొటో, కొన్న రసీదు ఉన్నాయా అని అడుగు. అడిగితే చిరాకు పడేవాళ్లతో బేరం వద్దు. చాలా పోలీస్ స్టేషన్ల దగ్గర ఇలాంటి కొనుగోళ్ల కోసం ప్రత్యేకంగా జాగా కేటాయించారు, అక్కడే కలవండి. వస్తువు చేతిలో పడకముందు జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) డబ్బు పంపకు, ఒకసారి వెళ్తే వెనక్కి రావడం చాలా కష్టం.

ఆర్డరు పెట్టే ముందు వెనక చక్రం హబ్ (క్యాసెట్ ఎక్కే మధ్య భాగం) మీద మోడల్ నంబరు చూసి నాకు చెప్పు. పాత పది గేర్ల హబ్ అయితే మామూలు పదకొండు గేర్ల క్యాసెట్ దాని మీద పట్టదు, 1.85 మిల్లీమీటర్లు చాలదు. అయినా కంగారు పడకు. షిమానో హెచ్‌జీ700, హెచ్‌జీ800 అనే 11-34 పళ్ల క్యాసెట్లు ఆ పాత హబ్‌కీ ఎక్కుతాయి. అప్పుడు చక్రం మార్చే ఖర్చు నీకు తప్పుతుంది.