స్టూడియో టైమర్ల గురించి అమ్మలుకు

పటమట, విజయవాడ

చిరంజీవి అమ్మలుకు,

మామయ్య దీవెనలు. గుంటూరులో మీ టీవీ స్టూడియో స్టోర్‌రూమ్‌లో మూలపడ్డ పాత కంప్యూటర్లతో, బ్రేక్‌కి ఇంకా ఎంత టైముందో యాంకర్‌కు చూపించే టైమర్లు చేయమన్నారని ఫోన్లో చెప్పావు. తప్పకుండా చెయ్యి. నిమిషాలు, సెకన్లు చూపించడానికి కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్ చాలు. అంతకన్నా పాత పెంటియమ్ 4 ప్రాసెసర్ ఉంటే మాత్రం పక్కన పెట్టెయ్. ఒక్కోటి వంద వాట్లు లాగితే రోజుకు 2.4 యూనిట్లు, పైగా ఫ్యాన్ రొద.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి. చాలా ఏళ్ల క్రితం లైవ్ చర్చ మధ్యలో, యాంకర్ ఎదురుగా నేను పెట్టిన టైమర్ 0:40 దగ్గర ఆగిపోయింది. ఇంకా నలభై సెకన్లు ఉన్నాయనుకుని ఆ అమ్మాయి అతిథిని ఇంకో ప్రశ్న అడిగింది. ఆయన నోరు తెరిచారో లేదో బ్రేక్ పడింది. తప్పు తనదేననుకుని మేకప్ రూమ్‌లో కూర్చుని ఏడ్చింది. అది నాకు ఇప్పటికీ బాధే. లైట్ల వేడిలో, చెవిలో ప్రొడ్యూసర్ మాటలు వినిపిస్తుండగా మనిషి ఆ అంకెనే నమ్ముతుంది. అందుకే నిమిషాలకు, సెకన్లకు మధ్య ఉండే రెండు చుక్కలు ప్రతి సెకనూ ఆరి వెలగాలి. చుక్కలు కదలకపోతే మెషీన్ ఆగిందని ఎవరికైనా తెలిసిపోతుంది. పీసీఆర్‌లో, అంటే ప్రొడ్యూసర్ కూర్చునే కంట్రోల్ రూమ్‌లో, సమయం పంపే మెషీన్‌తో లింకు తెగితే మూడు సెకన్లలో తెర నల్లగా అయిపోయేలా రాయి. అంకె కనపడకపోతే యాంకర్ ఫ్లోర్ మేనేజర్ వైపు చూస్తుంది. తప్పు అంకె కనపడితే చూడదు.

ప్రతి మెషీన్‌నీ దాని పాటికి సెకన్లు లెక్కపెట్టుకోనివ్వకు. కాసేపటికి ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పోతాయి. 'బ్రేక్ 7:12:30కి' అని ముగిసే సమయాన్నే అన్నిటికీ పంపు. అందులోంచి తన గడియారంలోని సమయాన్ని తీసేసి, మిగిలింది ఒక్కో మెషీన్ చూపిస్తుంది. మధ్యలో ఏదైనా ఆగి మళ్లీ లేచినా సరైన అంకెతోనే లేస్తుంది. దీనికి గడియారాలన్నీ ఒక్కటిగా నడవాలి కదా. పీసీఆర్‌లో ఒక మెషీన్ ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వారి ఎన్‌టీపీ సర్వర్ (ఇంటర్నెట్‌లో కచ్చితమైన సమయం ఇచ్చే కంప్యూటర్) నుంచి సమయం తీసుకోవాలి. మిగతావి గడియారాన్ని సరిచేసే క్రోనీ అనే ప్రోగ్రామ్ ద్వారా ఆ పీసీఆర్ మెషీన్‌నే అనుసరించాలి. వాటికి ఇంటర్నెట్ ఇవ్వొద్దు.

విండోస్ 7కి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆగిపోయింది, తీసెయ్. కోర్ 2 డ్యుయో 64 బిట్‌దే కాబట్టి దాని బదులు డెబియన్ 13 అనే లినక్స్ ఎక్కుతుంది. టైమర్ చూపించే బ్రౌజర్‌ని కియోస్క్ మోడ్‌లో, అంటే తెరంతా అదొక్కటే కనిపించేలా పెట్టి, స్క్రీన్ సేవర్, పవర్ సేవింగ్ రెండూ ఆపెయ్.

పాత మెషీన్లతో అసలు తంటా వేరే ఉంది. ఆపి ఉన్నప్పుడు కూడా గడియారాన్ని నడిపే చిన్న సీఎమ్‌ఓఎస్ బ్యాటరీ అయిపోయిన మెషీన్ తారీఖు మర్చిపోయి, ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కమని ఆగుతుంది. కీబోర్డు లేకపోయినా కొన్ని అలాగే ఆగుతాయి. అందుకని అన్నిటికీ కొత్త సీఆర్2032 బిళ్ల బ్యాటరీ వెయ్యి. బయోస్‌లో (ఆన్ చేయగానే వచ్చే సెట్టింగుల మెనూలో) తప్పు కనిపించినా ఆగకుండా బూట్ అయ్యే సెట్టింగ్, కరెంటు పోయి వస్తే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటే ఆ మెషీన్ వద్దు, మన మే ఎండలకు నిలవదు. లోపల కరెంటు సరఫరా చేసే డబ్బా, ఎస్‌ఎమ్‌పీఎస్ మూత మాత్రం విప్పకు తల్లీ, ప్లగ్ తీసేసినా లోపల షాక్ కొట్టేంత చార్జ్ ఉంటుంది.

సీపీయూలు స్టూడియో ఫ్లోర్ మీద వద్దు, మైకులు ఆ చప్పుడు పట్టేస్తాయి. పీసీఆర్‌లో ఉంచి పొడవాటి వీజీఏ కేబుల్ లాగు. చిన్న అక్షరాలైతే మసకబారతాయి గానీ అరచేయంత అంకెలకు ఏమీ కాదు. డబ్బా మానిటర్లు వద్దు. సెకనుకు 25 ఫ్రేములు తీసే మన కెమెరా కంట పడితే వాటి మీద నల్లటి చారలు పాకుతాయి. ఎల్‌సీడీని లెన్స్ కిందనే బిగించు. పైన పెడితే యాంకర్ చూపు మాటిమాటికీ ఎగరడం ఇంట్లో చూసేవాళ్లకు తెలిసిపోతుంది. నలుపు మీద తెలుపు, చివరి 30 సెకన్లు పసుపు, 10 సెకన్లు ఎరుపు. సున్నా దాటాక ఆపెయ్యకుండా ఎంత ఆలస్యమైందో చూపించాలి.

మొదటి వారం ఫ్లోర్ మేనేజర్ చేతి సైగలు మానొద్దని చెప్పు. ఆదివారం నెహ్రూ బస్టాండ్‌లో పొద్దున్నే బస్సెక్కి వస్తాను. ఈలోగా మెషీన్ల మూతలు విప్పి దుమ్ము దులిపి ఉంచు. మీ అమ్మకు వస్తున్నానని చెప్పు.

మీ మామయ్య