బ్యాండ్ ప్లాన్ మీరితే చట్టం మీరినట్టేనా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. నేను టెక్సాస్‌లో ఉంటున్నాను. ఏడాదిగా తొలి స్థాయి అయిన టెక్నీషియన్ లైసెన్సుతో హ్యామ్ రేడియో (సరదా కోసం లైసెన్సు తీసుకుని నడిపే రేడియో) వాడుతున్నాను. పోయిన శనివారం దాని పై స్థాయి జనరల్ పరీక్ష కూడా ప్యాసయ్యాను. రోజూ సాయంత్రం 146.520 మెగాహెర్ట్జ్ మీద మిత్రుడితో అరగంట తెలుగులో మాట్లాడుకుంటాం. మొన్న ఒక పెద్దాయన మధ్యలో వచ్చి, అది పిలుపులకు మాత్రమే ఉన్న ఫ్రీక్వెన్సీ అనీ, పైగా పరాయి భాష వాడటం చట్టవిరుద్ధమనీ, రేడియో ప్రసారాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీకి ఫిర్యాదు చేస్తాననీ అన్నారు. మేం నిజంగా తప్పు చేశామా? ఇకపై 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ ప్రాంతపు ఫ్రీక్వెన్సీల పట్టీ) మీదికి వెళ్లాలనుకుంటున్నాను. సంక్రాంతికి హైదరాబాద్ వస్తూ హ్యాండ్‌సెట్ తెచ్చుకోవచ్చా?

జవాబు: భాష సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే అందులో ఆయన పూర్తిగా పొరబడ్డారు. అమెరికాలో అమెచ్యూర్ రేడియోకు, అంటే హ్యామ్ రేడియోకు, వర్తించే నిబంధనలు ఎఫ్‌సీసీ నియమావళిలోని 97వ భాగంలో ఉన్నాయి. అర్థం దాచిపెట్టే ఉద్దేశంతో సంకేత భాష వాడటాన్ని అందులోని 97.113 సెక్షన్ నిషేధిస్తుంది, తెలుగు అలాంటి సంకేత భాష కాదు. అయితే సంభాషణ ముగిసేటప్పుడూ, సాగుతున్నంతసేపూ కనీసం పది నిమిషాలకోసారీ కాల్ సైన్ (లైసెన్సుతో మీకిచ్చిన గుర్తింపు అక్షరాలు) చెప్పాలి, దాన్ని మాత్రం ఇంగ్లీషులోనే చెప్పాలి అని 97.119 అంటుంది. కబుర్లలో పడి ఆ పది నిమిషాలు దాటిపోతుంటే, మీ మీద నిజంగా నిలబడగల ఫిర్యాదు అదే అవుతుంది. పక్కన ఒక గడియారం పెట్టుకోండి.

ఇక ఫ్రీక్వెన్సీ. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి చాలామందిని తికమక పెడుతున్నాయి. ఏ తరగతి లైసెన్సుదారు ఏ బ్యాండులో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఏ రకం ప్రసారం చేయవచ్చో 97.301, 97.305 నిర్ణయిస్తాయి, అవి చట్టం, వాటిని దాటితే లైసెన్సుకే ముప్పు. ఆ హద్దుల లోపల ఏ ముక్కను దేనికి వాడుకోవాలో హ్యాములు తమలో తాము కుదుర్చుకున్నది బ్యాండ్ ప్లాన్. చేను గట్టు రెవెన్యూ రికార్డుకెక్కినది, కాలువ నీటి వంతులు రైతులు కూర్చుని ఒప్పుకున్నవి అన్నట్టన్నమాట. 144.0 నుంచి 144.1 మెగాహెర్ట్జ్ వరకు మోర్స్ మాత్రమే అన్నది గట్టు, 146.520 ఎఫ్‌ఎం పిలుపుల ఫ్రీక్వెన్సీ అన్నది వంతు. ఈ ఫ్రీక్వెన్సీలు ఉండే రెండు మీటర్ల బ్యాండులో టెక్నీషియన్‌కు పూర్తి అధికారం ఉంది కనుక, అక్కడ మాట్లాడినంత మాత్రాన మీరు ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు.

అయితే వంతు మీరినా ఫరవాలేదని మాత్రం నేను చెప్పను. ప్రతి స్టేషన్‌నూ మంచి అమెచ్యూర్ పద్ధతికి అనుగుణంగా నడపాలనీ, ఫ్రీక్వెన్సీల ఎంపికలో లైసెన్సుదారులు పరస్పరం సహకరించుకోవాలనీ, ఏ ఫ్రీక్వెన్సీ ఎవరి సొంతమూ కాదనీ 97.101 చెబుతుంది. ఎఫ్‌సీసీ అడిగితే, బ్యాండ్ ప్లాన్ ఉందని తెలిసీ రోజూ అరగంట అక్కడే కూర్చోవడాన్ని మంచి పద్ధతిగా సమర్థించుకోవడం నాకైతే కష్టమనిపిస్తుంది. దారిన పోయే హ్యామ్ సాయం కోసం పిలిచే చోటు అది. అక్కడ పిలుచుకుని, మీ ప్రాంతపు ప్లాన్ సింప్లెక్స్‌కు (సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడుకోవడానికి) విడిచిన మరో ఫ్రీక్వెన్సీకి జరిగి మాట్లాడుకుంటే పేచీ ఉండదు. ఈసారి ఆ పెద్దాయన హెచ్చరికతో ఆగక కావాలని మీ మాటలకు అడ్డంగా ప్రసారం చేస్తే, అదే సెక్షన్ కింద తప్పు ఆయనది అవుతుంది. తేదీ, సమయం లాగ్ పుస్తకంలో రాసి పెట్టుకోండి.

ఒప్పందానికి నియమం నేరుగా బలమిచ్చే సందర్భమూ ఒకటుంది. రెండు రిపీటర్లు (అందిన ప్రసారాన్ని మళ్లీ ప్రసారం చేసి దూరానికి చేర్చే స్టేషన్లు) ఒకదానికొకటి అంతరాయం కలిగిస్తే పరిష్కరించే బాధ్యత వాటి లైసెన్సుదారులిద్దరిదీ సమానమే కానీ, ఒకదానికి ఫ్రీక్వెన్సీ కోఆర్డినేటర్ (ఏ రిపీటర్‌కు ఏ ఫ్రీక్వెన్సీ తగునో సూచించేవారు) సిఫారసు ఉండి రెండోదానికి లేకపోతే, సిఫారసు లేనివారిదే ప్రధాన బాధ్యత అని 97.205 చెబుతుంది. మున్ముందు మీ మిత్రులంతా కలిసి రిపీటర్ పెట్టాలనుకుంటే, యాంటెన్నా కొనకముందే కోఆర్డినేటర్‌కు దరఖాస్తు చేయండి.

40 మీటర్ల బ్యాండులో మాత్రం మీరు తడబడే అవకాశం ఉన్నది చట్టం దగ్గరే. జనరల్ తరగతికి మాట్లాడే అధికారం 7.175 నుంచి 7.300 మెగాహెర్ట్జ్ వరకు. ఆ బ్యాండులో అందరూ వాడేది దిగువ సైడ్‌బ్యాండ్, అంటే మీ గొంతు డయల్ చూపే అంకెకు కింద దాదాపు 3 కిలోహెర్ట్జ్ మేర పరుచుకుంటుంది. డయల్ మీద 7.176 కనబడుతోంది కదా, హద్దులోనే ఉన్నాననుకుంటే మీ ప్రసారం 7.173 దాకా దిగి, మీకు అధికారం లేని చోటికి పోతుంది, 97.307 ప్రకారం అది ఉల్లంఘనే. 7.178కి దిగువకు డయల్ తిప్పకండి. ఎఫ్‌సీసీ రికార్డులో మీ తరగతి మారేంతవరకు, పరీక్షకులు ఇచ్చిన ధ్రువపత్రం దగ్గర ఉంచుకుని, జనరల్ అధికారాలు వాడేటప్పుడు కాల్ సైన్ చివర ‘స్లాష్ ఏజీ’ అని చేర్చాలి. రెండు మీటర్ల మీద అది అక్కర్లేదు.

హైదరాబాద్ విషయంలో నా సలహా: అనుమతి చేతికి రాకుండా సెట్టు తేవద్దు. అమెరికా లైసెన్సు దానంతటదే భారతదేశంలో చెల్లదు. టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి అనుమతి తీసుకోవాలి, కాబట్టి చాలా ముందుగానే దరఖాస్తు చేయండి. అనుమతి వచ్చాక కూడా సెట్టు మెమరీలోని ఫ్రీక్వెన్సీలను అలాగే వాడకండి. రెండు మీటర్ల బ్యాండు భారతదేశంలో హ్యాములకు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే ఉంది, 40 మీటర్లు 7.200తో ఆగిపోతుంది. మీరు రోజూ మాట్లాడుకునే 146.520 టెక్సాస్‌లో మర్యాదకు సంబంధించిన ప్రశ్న, ఇక్కడ మాత్రం అది గట్టు అవతలి చేను.