తెల్లవారుజామున శేషాచలం మిట్ట ఎక్కాలంటే

ప్రశ్న: మాది తిరుపతి. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి సంక్రాంతి సెలవుల్లో ఒక్కసారైనా శేషాచలం కొండ మీది నుంచి సూర్యోదయం చూడాలని పట్టుబట్టింది. తెలిసిన కుర్రాళ్లు కొందరు జాతీయ వనంలోని ఒక బండ మీదకు తీసుకెళ్తామనీ, నడక రెండు కిలోమీటర్లే ఉంటుందనీ, రాత్రి మూడు గంటలకు బయలుదేరాలనీ చెబుతున్నారు. చేతిలో టార్చిలైటు ఉంటే చాలని మా మరిది ధైర్యం చెబుతున్నాడు. వెళ్లవచ్చా? వెంట ఏమేం పెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, వెంట ఏం పెట్టుకోవాలన్న దానికంటే ముందు ఆ కుర్రాళ్లను అడగవలసిన మాట ఒకటుంది: అటవీ శాఖ అనుమతి పత్రం వారి దగ్గర ఉందా? శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం 1989లో ఏర్పడింది. సుమారు 353 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలోకి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరమే అవుతుంది. నడక రెండు కిలోమీటర్లా, ఇరవై కిలోమీటర్లా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. పైగా ఇది ఎర్రచందనం అడవి. దుంగల దొంగల కోసం కాపు కాసే సిబ్బందికి, రాత్రి మూడు గంటలకు భుజాన సంచులతో నడిచి వచ్చే గుంపు ఎదురైతే ఏమనిపిస్తుందో మీరే ఊహించుకోవచ్చు.

మీ మరిదిగారి టార్చిలైటు విషయానికి వద్దాం. సూర్యోదయం చూడాలంటే సూర్యుడి కంటే ముందే మిట్ట మీద ఉండాలి కనుక, ఆ నడకంతా చీకట్లోనే సాగుతుంది. చిరుతలూ ఎలుగుబంట్లూ చురుకుగా తిరిగేది రాత్రీ, సంధ్యవేళల్లోనే. టార్చి వెలుగు మీ కాళ్ల ముందున్న రాయిని చూపిస్తుందే తప్ప, పక్కనున్న పొదలో ఏముందో చెప్పదు. పైగా ఆ వెలుగుకు అలవాటుపడిన కళ్లకు దాని అవతలి చీకటి మరింత చిక్కగా కనిపిస్తుంది. 2023 ఆగస్టులో, వేలాదిమంది నడిచే అలిపిరి మెట్ల దారిలోనే ఒక రాత్రి ఆరేళ్ల పాప చిరుతకు బలైంది. ఆ తరువాతే పిల్లలతో నడిచేవారికి వేళల ఆంక్షలు పెట్టి, నడిచేవారికి చేతికర్రలు ఇచ్చారు. మెట్ల దారి పరిస్థితే అలా ఉన్నప్పుడు, దారీ తెన్నూ లేని బండ గురించి మేము ‘సరే’ అనలేము.

అలాగని అమ్మాయి కోరికను కాదనవలసిన పని లేదు. అలిపిరి నుంచి గాలి గోపురం దాకా ఎక్కండి. తిరుమల దాకా ఉన్న 3,550 మెట్లలో సగానికి పైగా ఈ భాగంలోనే అయిపోతాయి. నిటారుగా ఉండేదీ ఎక్కువగా ఇక్కడే. అలవాటు లేనివారికి గంట, గంటన్నర పడుతుంది. జనవరి మొదటి పక్షంలో తిరుపతిలో సూర్యుడు 6 గంటల 40 నిమిషాల ప్రాంతంలో ఉదయిస్తాడు. అయితే చూడవలసిన అసలు ఘట్టం అంతకు ఇరవై నిమిషాల ముందే, తూర్పు ఎర్రబడి ఊరి దీపాలు ఒక్కొక్కటే వెలవెలబోతున్నప్పుడు మొదలవుతుంది. అందుచేత 6.15కల్లా పైన ఉండేలా 5 గంటలకు మొదటి మెట్టు ఎక్కితే సరిపోతుంది. అదే మే నెలాఖరులో అయితే సూర్యోదయం 5.45కే అవుతుంది, నాలుగింటికే కదలాలి. అంతేకాక వేసవిలో సూర్యుడు తూర్పుకు ఉత్తరంగా, అంటే కొండల వైపుగా జరిగి ఉదయిస్తాడు. సంక్రాంతి నాళ్లలో దక్షిణానికి ఒరిగి మైదానం వైపు నుంచి వస్తాడు కనుక మీరు ఎంచుకున్న సెలవులే మేలైనవి. దారి తెరిచే వేళలూ పిల్లల నిబంధనలూ మారుతుంటాయి. ముందురోజే దేవస్థానం వారిని అడిగి తెలుసుకోండి. దారి తెరవకముందే వెళ్లి కాపలావారిని బతిమాలవద్దు. ఒంటరిగా కాక, నడిచే గుంపులో కలిసి వెళ్లండి.

వెంట పెద్దగా ఏమీ అక్కరలేదు. ప్లాస్టిక్ సీసాలను కొండ మీదకు రానివ్వరు కనుక స్టీలు సీసాలో నీళ్లు పట్టుకోండి. ఒక శాలువా మాత్రం మరిచిపోవద్దు. చెమట పట్టిన ఒంటికి పైన తగిలే గాలి (ఆ గోపురానికి ఆ పేరు ఊరికే రాలేదు) చలి పుట్టిస్తుంది. తినుబండారాలు చేతిలో కనిపించేలా పట్టుకుంటే అవి మీకు మిగలవు, కోతుల పాలవుతాయి. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం పడుతుంది కాబట్టి తొందరపడకండి.

పైకి చేరాక తూర్పునే కాక కొండ చరియలను కూడా ఒకసారి అమ్మాయికి చూపించండి. తొలి ఎండ పడగానే ఎర్రగా వెలిగే పై అంచులు క్వార్ట్‌జైటు రాతి పొరలు. వాటి కింద ఉన్నది అంతకంటే ఎంతో పాతదైన గ్రానైటు. ఈ రెండూ కలిసే గీత ఘాటు రోడ్డు పక్కన స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీతకు పైనా కిందా ఉన్న రాళ్ల వయసుల మధ్య ఇంచుమించు 80 కోట్ల ఏళ్ల తేడా ఉందని భూవిజ్ఞానులు లెక్కగట్టారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఆ చోటును జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. తిరుగు ప్రయాణం బస్సులో అయితే కిటికీ పక్క సీటు అమ్మాయికే ఇవ్వండి.

ప్రశ్న: మేము తలకోనలో ఒక రాత్రి ఉండబోతున్నాము. అక్కడ సూర్యోదయం చూడడానికి ఎన్ని గంటలకు లేవాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అందుకోసమైతే నిద్ర చెడగొట్టుకోవద్దు. పేరులోనే ఉన్నట్టు అది కోన. చుట్టూ కొండలు కమ్ముకున్న లోయలోకి ఎండ ఆలస్యంగా దిగుతుంది. మన పెద్దలు వెలుగు కోసం మిట్టకు, నీడా నీళ్ల కోసం కోనకు వెళ్లేవారు. కాబట్టి బాగా వెలుతురు వచ్చాక, స్థానికుడైన గైడును వెంటబెట్టుకుని, 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం దాకా నడవండి. దారిలో మాటలు తగ్గించి చెట్ల పైకొమ్మలను గమనిస్తే బెట్టుడుత (అడవుల్లో ఉండే పెద్ద జాతి ఉడుత) కనిపించే అవకాశం ఉంది. వానలు వెనకబట్టిన ఏడాది జలపాతంలో ధార సన్నబడుతుంది. బయలుదేరే ముందు దగ్గరి ఊరైన నెరబైలులో ఎవరినైనా వాకబు చేయండి.