ఇంటి ముందు గడ్డి పరచాలా? పడమర ముఖం ఇంట్లో మా అనుభవం

హైదరాబాద్ నాగోల్‌లో 150 గజాల కొత్త ఇల్లు, పడమర ముఖం, గేటుకూ గడపకూ మధ్య పదడుగుల ఖాళీ బోసిగా ఉంది, కార్పెట్ గడ్డి పరిచి రెండు పామ్ చెట్లు పెడితే ఇంటికి కళ వస్తుందా అని అడిగారు. రెండు పూటలా నీళ్లు పోయడానికి నాన్నగారు సిద్ధంగా ఉన్నారని కూడా రాశారు.

గడ్డి వద్దండి. మాది వనస్థలిపురం, మాదీ పడమర ముఖమే. తొమ్మిదేళ్ల కిందట గృహప్రవేశానికి రెండు వారాల ముందు మేమూ ఆ పనే చేశాం. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఏప్రిల్ నాటికి ఎదురెండ, ప్రహరీ గోడ సెగ కలిసి గడ్డిని పాత చాపలా మార్చేశాయి. వేసవిలో ట్యాంకర్ నీళ్లు కొని గడ్డికి పోయడం ఎన్నాళ్లు సాగుతుంది? అసలు గడ్డి పరిచిన రోజే మా అమ్మ "మరి ముగ్గు ఎక్కడ వేయాలిరా?" అని అడిగింది. చాదస్తం అనుకున్నాను. ఆవిడ అడిగిందే సరైన ప్రశ్న అని తెలియడానికి నాకు రెండు వేసవులు పట్టింది. మన ఇళ్లకు ఊడ్చి నీళ్లు చల్లిన ఖాళీ వాకిలే అందం. గేటు దగ్గర నిలబడితే గడప కనబడాలి, పచ్చదనం దానికి అటూ ఇటూ ఉండాలి.

గడ్డి పీకేసి మధ్యలో తాండూరు బండలు వేయించాం, రెండు పక్కలా రెండడుగుల వెడల్పున మట్టి వదిలాం. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మట్టి మట్టం బండల కంటే రెండు అంగుళాలు కిందికి ఉండాలి, లేకపోతే ప్రతి వానకూ వాకిలంతా ఎర్ర బురదే. రెండోది, తాండూరు బండ సున్నపురాయి. సిమెంటు మరకలు పోవడానికని మా మేస్త్రీ యాసిడ్‌తో కడిగేశాడు. మరకలతో పాటు బండల నునుపూ పోయింది.

అసలు చిక్కు మట్టిలో ఉంది. ఇష్టపడి తెచ్చిన నూరువరహాల మొక్కలు ఆరు నెలలకే పాలిపోయాయి. ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చన. ఎరువు చాలలేదేమోనని వేస్తూ పోయాను. చివరికి తవ్వి చూస్తే అడుగున టైల్స్ ముక్కలు, సిమెంటు పెళ్లలు, ఇల్లు కట్టినప్పుడు పూడ్చేసిన చెత్తంతా బయటపడింది. సిమెంటులోని సున్నం మట్టిని క్షారంగా మారుస్తుంది. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. మా బోరు ఉప్పునీళ్లు దానికి తోడయ్యాయి. రెండడుగుల లోతు తవ్వించి, రెండు ట్రాలీల ఎర్రమట్టి పోయించి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపాక గానీ మొక్కలు తేరుకోలేదు. కాబట్టి నర్సరీకి వెళ్లే ముందు గడ్డపార తీసుకుని ఒకసారి తవ్వి చూడండి.

మొక్కలు మూడు రకాలు మించకుండా చూసుకోండి. కనబడిన ప్రతిదీ ఒక్కొక్కటి తెస్తే వాకిలి నర్సరీ దుకాణంలా ఉంటుంది (నేను తెచ్చాను). పడమటి ఎండకు కాగితం పూలను మించినది లేదు. గోడకు తెల్ల సున్నం వేసి దాని మీదికి పాకిస్తే వీధి మలుపు నుంచే కనబడుతుంది. ముళ్లు ఉంటాయి కనుక గేటు గడియకు దూరంగా నాటండి. రాలిన పూలు రోజూ ఊడ్చుకోవాలి, దానికి మా ఇంట్లో ఇప్పటికీ తిట్లు పడుతున్నాయి. దాని కింద వరసగా నందివర్ధనం, ఒక మూలన దేవగన్నేరు (ఇది గన్నేరు కాదు, వేరే చెట్టు). తంగేడు కూడా ఎండకు జంకదు, బతుకమ్మ రోజులకు పూస్తుంది. మన తెలంగాణ రాష్ట్ర పుష్పాన్ని ఇంటి ముందు పెంచుకున్నవాళ్లను మాత్రం నేను పెద్దగా చూడలేదు.

పామ్ సంగతి. అరికా పామ్ ఆకులు ఎదురెండకు మాడిపోతాయి. రాయల్ పామ్ మూడంతస్తుల ఎత్తు దాటుతుంది, దాని మట్ట రాలి కారు మీద పడితే సొట్టే. చిన్నపిల్లలు ఉంటే గన్నేరు జోలికీ వెళ్లకండి, మొక్కంతా విషమే. పచ్చగన్నేరు కాయలు మరీ ప్రమాదం.

తొలకరి పడ్డాక నాటితే వేరు పట్టేదాకా వానలే చూసుకుంటాయి. ఈలోగా మట్టి మార్పించండి, డాబా మీది వాన గొట్టాన్ని ఇంకుడు గుంతలోకి తిప్పించండి.

ఇక నాన్నగారి నీళ్ల సంగతి. కాగితం పూల మొక్కకు నీళ్లు ఎక్కువైతే ఆకులే తప్ప పూలు రావు, పైమట్టి బాగా ఆరాకే పోయాలి. రెండు పూటలా పోస్తానంటే ఆగేవారు కాదు కనుక, మెట్ల పక్కన నాలుగు కుండీల్లో మందారాలు పెట్టి వాటిని ఆయనకు అప్పగించండి. వేసవిలో ఎన్ని నీళ్లయినా తాగుతాయి.