పాఠకుల ప్రశ్నలు: రోబోటిక్స్ క్లబ్ చరిత్రను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: తిరుపతిలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా రోబోటిక్స్ క్లబ్ చరిత్రను వార్షిక సంచికకు రాసే బాధ్యత నాకు అప్పగించారు. స్థాపించినవారు ఎప్పుడో చదువు ముగించుకొని వెళ్ళిపోయారు. గదిలో పాత ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు, కొన్ని జ్ఞాపికలు తప్ప రికార్డులేవీ లేవు. అసలు ఇటువంటి క్లబ్బులు ఎలా పుట్టాయి? మా చరిత్రను ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: రికార్డులు లేకపోవడం మీ క్లబ్ ఒక్కదానికే ఉన్న లోపం కాదు. ఇంజినీరింగ్ కళాశాలలో నాలుగేళ్ళు తిరిగేసరికి క్లబ్బులోని మనుషులందరూ మారిపోతారు. చివరి సంవత్సరంవారు ప్రాజెక్టులలోనూ క్యాంపస్ ఇంటర్వ్యూలలోనూ మునిగిపోతారు కాబట్టి, పని నేర్చినవారు ఇతరులకు నేర్పడానికి మిగిలే కాలం చాలా తక్కువ. అందువల్ల ఒక బ్యాచ్ తరువాతి బ్యాచ్‌కు ఏమి అప్పగించింది అన్నదే ఈ క్లబ్బుల అసలు చరిత్ర అని నేను నమ్ముతాను.

వీటికి పూర్వరూపంగా చెప్పదగినది అమెరికాలోని ఎమ్ఐటీ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో విద్యార్థులు పెట్టుకున్న రైలు నమూనాల క్లబ్. బొమ్మ రైళ్ళను, స్టేషన్లను అందంగా తీర్చిదిద్దేవారు కొందరైతే, బల్ల కింద టెలిఫోన్ రిలేలతో (విద్యుత్తుతో పనిచేసే స్విచ్చులతో) సిగ్నళ్ళ వ్యవస్థను కట్టినవారు మరికొందరు. ఈ రెండో జట్టులోని పలువురు తరువాత కంప్యూటర్లవైపు మళ్ళారు. తమలో తాము వాడుకునే మాటలకు 1959లో ఒక చిన్న నిఘంటువును కూడా కూర్చుకున్నారు. ఆనాటి క్లబ్ వాతావరణం ఈనాటివారికి తెలుస్తున్నదంటే అటువంటి రాతల పుణ్యమే.

రోబోల విషయానికి వస్తే, క్లబ్బులకు ఊపిరి పోసినవి పోటీలు. అదే ఎమ్ఐటీలో ఆచార్య వుడీ ఫ్లవర్స్ 1970లలో తన డిజైను తరగతి విద్యార్థులందరికీ ఒకే రకం విడిభాగాలు ఇచ్చి, వాటితో యంత్రాలు తయారుచేసి పోటీపడమనేవారు. ఆ స్ఫూర్తితోనే 1987లో విద్యార్థులు తామే నిర్వహించే మరో పోటీని ప్రారంభించి, బోర్డు డిజైనునూ పాఠాలనూ రాతపూర్వకంగా తరువాతివారికి అందించారు. జపాన్‌లో ఆచార్య మసాహిరో మోరి తరగతి గదిలో నడిపిన పోటీల ప్రేరణతో అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే టెలివిజన్ 1988లో రోబోల పోటీ రోబోకాన్‌ను మొదలుపెట్టింది. అది 2002లో ఆసియా-పసిఫిక్ దేశాల పోటీగా విస్తరించి, దూరదర్శన్ ద్వారా మన కళాశాలలకు చేరింది.

ఇక మీ గదిలోని పాత బోర్డులను పారవేయనివ్వకండి. తిరుమల ఆలయ గోడలమీది శాసనాల కాలాన్ని లిపినిబట్టి అంచనా వేసినట్లే, రోబోల కాలాన్ని బోర్డులనుబట్టి అంచనా వేయవచ్చు. ఆర్డ్యునో అనే మైక్రోకంట్రోలర్ (యంత్రాన్ని నడిపించే చిన్న కంప్యూటర్ చిప్) బోర్డు 2005లో ఇటలీలో పుట్టింది, అరచేతిలో ఇమిడే కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 2012లో మార్కెట్లోకి వచ్చింది; కాబట్టి అవి ఉన్న రోబోలు అంతకు ముందువి కాలేవు. 8051 అనే పాత మైక్రోకంట్రోలర్ చిప్ ఉంటే పాత తరం పని అయ్యే అవకాశం ఉంది గాని, ఆ చిప్‌ను కళాశాలల్లో ఇప్పటికీ బోధిస్తున్నారు కాబట్టి అదొక్కటే రుజువు కాదు. 8051 నుంచి ఆర్డ్యునోకు వచ్చిన మార్పును మీ వ్యాసంలో తప్పక వివరించండి. మైక్రోకంట్రోలర్ల పాఠం సాధారణంగా మూడో సంవత్సరంలో గాని రాదు. పాత చిప్పులలో ప్రోగ్రాం ఎక్కించడానికి వేరే పరికరం కూడా కావలసివచ్చేది. యూఎస్‌బీ తీగతో నేరుగా ప్రోగ్రాం ఎక్కించుకొనే ఆర్డ్యునో వచ్చాక మొదటి సంవత్సరం విద్యార్థులు కూడా రోబోను నడపగలిగారు. అంటే, సీనియర్ల దగ్గర నేర్చుకొనే కాలం రెండేళ్ళు పెరిగిందన్నమాట. క్లబ్బుల స్థితిగతులను ఇంతగా మార్చినది మరొకటి లేదనిపిస్తుంది.

తిరుపతిలో ఎస్వీయూ ఇంజినీరింగ్ కళాశాల 1959 నాటిది, ఐఐటీ 2015లో మొదలైంది. కళాశాల ఎంత పాతదైనా రోబోటిక్స్ క్లబ్బులు ఇటీవలివే కాబట్టి, మీ స్థాపకులు ఫోనులో దొరకవచ్చు. విభాగం కార్యాలయంలో స్టాక్ రిజిస్టరునూ, గది కేటాయించిన ఉత్తరాన్నీ వెదకండి. తేదీలు అక్కడ దొరుకుతాయి. మోటార్లు, సెన్సార్లు కొనడానికి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌కు ఎవరెవరు వెళ్ళేవారో, ఖర్చు ఎవరు భరించారో, పోటీలో కదలకుండా నిలిచిపోయిన రోబో ఏదో, ఎందుకు నిలిచిపోయిందో అడగండి. జ్ఞాపికలతో మొదలుపెట్టవద్దు. గది తాళంచెవి మొదట ఎవరి చేతికి వచ్చిందో అక్కడ మొదలుపెట్టండి.

ప్రశ్న: అంతర్జాతీయ రోబోకాన్ ఒకసారి మన దేశంలో ఉట్టి కొట్టే ఆటగా జరిగిందని విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: నిజమే. ఆతిథ్యమిచ్చే దేశమే ఆ ఏటి ఆటను రూపొందిస్తుంది. 2008లో పూణేలో జరిగిన పోటీకి గోవిందుని వెన్నకుండల ఆటను ఇతివృత్తంగా తీసుకున్నారు. గోకులాష్టమి మర్నాడు తిరుమలలో ఉట్లోత్సవం చూసిన మనకు అది కొత్త ఆట కాదు. 2014లో మళ్ళీ పూణేలోనే జరిగినప్పుడు తల్లిదండ్రుల పాత్రలోని రోబో, పిల్ల రోబోను ఉయ్యాల మీదా తూగుడుబల్ల మీదా ఆడించాలి. ఆట ఏటేటా మారడంవల్ల పాత రోబోను విప్పి, మోటార్లను కొత్తదానికి వాడుకోవడం క్లబ్బులలో మామూలే. కాబట్టి విప్పేముందు ఫోటో తీసి, కొలతలు రాసి ఉంచడం మంచిది.